మా గల్లీ మమ్మల్ని లేనివాళ్లనుకుంది

మొఘల్‌పురా, హైదరాబాద్
గురువారం

అక్కకు, బావగారికి ఉమ నమస్కారాలు.

మేం ముగ్గురం ఆరోగ్యంగా ఉన్నాం. మీరూ అలాగే ఉన్నారని అనుకుంటున్నాను. బావగారి మోకాలు ఎలా ఉంది? డాక్టరు చెప్పినట్టు నడుస్తున్నారా, లేక అరుగు మీద కూర్చుని నడిచొచ్చానని నీకు చెబుతున్నారా? రేపల్లెలో వానలు పడ్డాయా? ఇక్కడ పడుతున్నాయి. గల్లీలో నీళ్లు గడప దాకా వచ్చి ఆగాయి, లోపలికి రాలేదు. దిగులు పడాల్సిందేమీ లేదు.

ఉత్తరం చూసి కంగారు పడకు. ఎవరికీ ఏమీ కాలేదు. ఫోన్‌లో చెబుదామంటే బావగారు స్పీకర్ పెడతారు, అరుగు మీద కూర్చున్నవాళ్లందరూ వింటారు. ఇది ముందు నువ్వొక్కదానివే చదువు. వాడి తల్లివి నువ్వు, తర్వాత రవికి చూపించాలో వద్దో నువ్వే తేల్చుకో.

రవి విజయవాడలో ఫ్లాటు కొంటున్నాడనీ, మేం ఇంటి లోను ముందే ఎలా తీర్చామో వాడికి వరసగా రాసి పంపమనీ నువ్వు అడిగావు కదా. రాయడానికి కూర్చున్నాను. ఒక కాగితం నిండింది కూడా. దాన్ని పక్కన పెట్టి ఇది రాస్తున్నాను. అందులో రాసినవన్నీ జరిగినవే. కానీ మా ఇల్లు ఏ డబ్బుతో గడిచిందన్న సంగతి నాకే పూర్తిగా తెలియదని పోయిన వారం తేలింది. ఇంకా తేరుకోలేదు. పొద్దున లేచి టీ పెట్టుకుంటూ అదే ఆలోచిస్తున్నాను, ఆఫీసులో డ్రైనేజీ వార్త రాస్తూ అదే ఆలోచిస్తున్నాను.

నీకు కొంత తెలుసు, అయినా మొదటి నుంచి చెబుతాను. ఈ ఇల్లు మేం కొన్నది నచ్చి కాదు, ధర అందింది కాబట్టి. మా ఆఫీసులో మిగతావాళ్లు నగరానికి ఆ చివర అపార్టుమెంట్లలో కొనుక్కున్నారు. మున్సిపల్ వార్తల్లో పాతబస్తీ నా వంతు, మీ మరిది లెక్కలు చూసే కాలేజీకి దబీర్‌పురా స్టేషన్‌లో లోకల్ రైలెక్కితే చాలు. అందుకని ఇక్కడ కొన్నాం. రెండు గదులు, వంటిల్లు, ముందు చిన్న వాకిలి. లోను కాగితాల మీద సంతకాలు పెట్టొచ్చిన రోజే మీ మరిది లెక్క వేసి చూపించారు. నెలనెలా వాళ్లు చెప్పినంతే కట్టుకుంటూ పోతే ఒక ఇంటికి రెండిళ్ల డబ్బు కడతామని. ఆ రోజు నుంచి మా ఇంట్లో ఏ ఖర్చు వచ్చినా ముందు ఒకటే ప్రశ్న. ఈ డబ్బు లోనుకు కడితే?

స్కూటరు అమ్మేశాం, రైలు పాసు చవక కాబట్టి. ఫ్రిజ్ పాడైతే బాగు చేయించలేదు, పాత సామాను కొనేవాడికి వేసేశాం. సాయంత్రాలు లైట్లు ఆర్పి వాకిట్లో కూర్చునేవాళ్లం, మేఘన చదువుకునే గదిలో ఒక్క ట్యూబ్‌లైటు వెలిగేది. నా బంగారు గాజులు అమ్మి లోనుకు కట్టి, లాడ్ బజార్‌లో మట్టి గాజులు కొని వేసుకున్నాను. మీ మరిది జుట్టు నేనే కత్తిరించాను. మొదటి రెండు నెలలు ఆయన కాలేజీకి టోపీ పెట్టుకుని వెళ్లారు. మేఘన యూనిఫాం అంచు విప్పి పొడుగు చేసి ఇంకో ఏడాది నడిపించాం. హోటల్ లేదు, సినిమా లేదు. ఎవరింట్లోనైనా శుభకార్యమంటే చదివింపులు, చీర, వెళ్లిరావడం. అందుకని అవీ లేవు.

ఇదంతా కష్టమని అనుకోలేదు. కట్టిన ప్రతిసారీ బాకీ తగ్గిన అంకె చూసుకుంటే ముగ్గురికీ పండగలా ఉండేది. ఒంటరితనం మాత్రం ఉంది. బజారులో ఎవరైనా మన వైపు యాసలో మాట్లాడితే చెవులు అటు తిరుగుతాయి. గల్లీలో అందరూ మంచివాళ్లే, పలకరిస్తారు, కానీ మేం ఎవరింటికీ వెళ్లేవాళ్లం కాదు. అది మా తీరు అనుకున్నాం. వాళ్లూ అలాగే అనుకుంటున్నారని అనుకున్నాను.

పోయిన వారం బ్యాంకు నుంచి ఇంటి కాగితాలు చేతికి వచ్చాయి. మీ మరిది వాటిని దేవుడి పటం ముందు పెట్టి చాలాసేపు అక్కడే నిలబడ్డారు. నేను లడ్డూలు తెచ్చాను. ఇన్నేళ్లలో గల్లీలో పంచిపెట్టడానికి మేం కొన్న మొదటి మిఠాయి అది.

మరునాడు పొద్దున మొదట ఇచ్చింది పాల మల్లేశ్‌కు. నీకు ఫోన్‌లో చెబుతుంటానే, వెనక వీధిలో గేదెలున్నాయి, తాతల కాలం నుంచి ఇక్కడే పాల వ్యాపారం, అతనే. నాకంటే పెద్దవాడే అయినా నన్ను అక్కా అంటాడు.

"ఏంది అక్కా, పొద్దుగాల్నే మిఠాయి? పాప పాసయ్యిందా?"

"కాదు మల్లేశ్, ఇంటి లోను తీరిపోయింది. ఇంకా చాలా ఏళ్లు ఉండగానే మొత్తం కట్టేశాం."

అతను లడ్డూ నోటి దాకా తీసుకెళ్లి ఆపాడు.

"మొత్తం కట్టిన్రా? యాడికెళ్లి కట్టిన్రు?"

"జీతాల్లోంచే. మిగిల్చి."

"జీతాలా? సార్ నౌకరి పోలేదా?"

"పోవడమేమిటి? రోజూ రైలుకు వెళ్తున్నారుగా."

"పని దొర్కక తిరుగుతున్నడనుకున్నం. మరి బండి? ఫైనాన్సోళ్లు గుంజుకపోలేదా?"

"అమ్మేశాం. రైలు చవకని."

"ఫ్రిజ్జు?"

"పాడైంది. పాత సామానుకి వేశాం."

"కరెంటు కోసిన్రు గద, చీకట్ల కూసుంటుండిరి?"

"కొయ్యలేదు. మేమే ఆర్పేవాళ్లం."

"చేతులకున్న గాజులు?"

"అమ్మి లోనుకే కట్టాం."

ఇరవై ఏళ్లకు పైగా జనాన్ని ప్రశ్నలు అడిగాను అక్కా. అంత క్రమంగా నన్నెవరూ అడగలేదు. అడిగినవన్నీ అతను కళ్లతో చూసినవే. ఒక్కటీ తప్పు కాదు.

మల్లేశ్ లడ్డూను తిరిగి డబ్బాలో పెట్టాడు. "మస్తు తెలివి మీది" అన్నాడు. అదే మాట ఇంకెవరైనా అంటే మెచ్చుకోలు అనుకునేదాన్ని. క్యాన్ సైకిల్‌కు తగిలించుకుని వెళ్లిపోయాడు. ఆ పొద్దున పాలు పొయ్యలేదు.

నాకేమీ అర్థం కాలేదు. డబ్బా పట్టుకుని పక్కింటి జరీనా ఆపా దగ్గరికి వెళ్లాను. ఆమె భర్త ఉన్నంతకాలం లాడ్ బజార్‌లో గాజుల కొట్టు నడిపాడు. ఇప్పుడు కొడుకు నడుపుతున్నాడు. ఆపా అంటే అక్క అనే. ఉర్దూలోనే మాట్లాడుతుంది, నేను నీకోసం తెలుగులో రాస్తున్నాను. మల్లేశ్ అడిగినవన్నీ చెప్పాను. ఆమె వింటూ వింటూ చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వడం మొదలుపెట్టింది. మంచం మీద ఒరిగిపోయి నవ్వింది.

"అరే బాప్‌రే! ఉమా, తూ తో అమీర్ నిక్లీ!"

నువ్వు డబ్బున్నదానివే అన్నమాట, అని. తర్వాత కళ్లు తుడుచుకుని, నా ముఖం చూసి నవ్వు ఆపింది.

ఆపా చెప్పింది ఇది. ఇక్కడ ఒక మాట ఉంది, సఫేద్‌పోష్ అని. తెల్లబట్టలవాళ్లు. ఇంట్లో పొయ్యి వెలగకపోయినా ఇస్త్రీ బట్టలు కట్టుకుని తలెత్తుకు నడిచేవాళ్లు, చచ్చినా చెయ్యి చాపనివాళ్లు. అలాంటి ఇల్లు గల్లీలో ఉంటే వాళ్లను అడగకూడదు, ఇస్తున్నట్టు చూపించకూడదు, ఇచ్చిన సంగతి ఎక్కడా అనకూడదు. వాళ్లకు తెలియకుండా జరిగిపోవాలి. అది ఇక్కడి పద్ధతి. హిందువా, ముస్లిమా అని ఉండదు.

మమ్మల్ని ఆ లెక్కలో వేసుకున్నారు. బండి పోయింది, ఫ్రిజ్ పోయింది, గాజులు పోయాయి. బ్యాంకు నుంచి ఇద్దరు కుర్రాళ్లు వచ్చి ఇంటికి ఫొటోలు తీసుకున్నారు. అది మామూలు తనిఖీ. గల్లీకి అది జప్తు.

"పాలు ఎంతకు కొంటున్నావు?" అని అడిగింది ఆపా.

చెప్పాను.

"ఆ ధర మన గల్లీలో ఎప్పుడో పోయింది. రెండుసార్లు పెరిగింది. నీ ఇంటికి పెంచనని మల్లేశ్ నాతో చెప్పాడు. కొలత కూడా చూసుకోలేదా? అర లీటరు అడిగితే ముప్పావు పోస్తాడు."

కూరగాయల బండివాడు మాకు తగ్గించిన తేడా నెలనెలా ఆపా ఇచ్చేదట. రంజాన్ నెలలో మాకు వచ్చిన పళ్లేలు పక్కిళ్లకు మర్యాదగా పంపేంత చిన్నవి కావని అప్పుడైనా నాకు తట్టాల్సింది. ఇంకొకటి చెప్పింది. గల్లీ పిల్లలకు చెప్పి పెట్టారట, మేఘన ముందు ఐస్‌క్రీం తినొద్దని.

అది విన్నాక నేను కూర్చున్నాను.

"పేపర్‌లో రాస్తావు, నీకు తెలియలేదా?" అంది ఆపా. ఎత్తిపొడుపు కాదు, నిజంగా అడిగింది.

తెలియలేదు. పాతబస్తీలో బతుకు చవక అనుకున్నాను. ఆఫీసులో అందరికీ అదే చెప్పాను. నీకూ ఎన్నిసార్లు చెప్పాను, ఇక్కడ పాలు చవక, కూరలు చవక, కొలతలో మోసం లేదు అని. వార్తలో ఒక ధర రాయాలంటే ముగ్గురిని అడిగి రాస్తాను. మా ఇంటి పాల ధర పక్కింట్లో ఒక్కసారి అడగలేదు. నాకు కలిసొచ్చే మాటను రెండోసారి సరిచూసుకోవాలని అనిపించలేదు.

అక్కా, ఇక్కడ నిన్నొకటి అడగాలి. ఏటా నువ్వు పంపే బియ్యం బస్తా, బావగారి పొలంలో పండినవని నేను తీసుకుంటున్నాను. అదీ ఇలాంటిదేనా? మా ముఖాలు చూసి పంపావా? నిజం రాయి. కోపం రాదు. తెలుసుకోవాలి.

ఆపాను ఎంత బాకీ ఉన్నానో చెప్పమంటే చెవులు మూసుకుంది. "ఇచ్చింది ఇచ్చిందే. నీకు ఇచ్చానా? పైవాడికి ఇచ్చాను. ఆయన దగ్గర వసూలు చేసుకుంటా. ఇక నుంచి మాత్రం కూరలు సరైన ధరకు కొను." లడ్డూ తింది, ఇంకొకటి అడిగి తీసుకుంది. ఆపాతో పని సులువుగా అయిపోయింది.

మల్లేశ్ రాలేదు. ఆ మరునాడూ రాలేదు. పక్కింటికి పోస్తాడు, ఎదురింటికి పోస్తాడు, మా గడప ముందు సైకిల్ ఆగదు. పాకెట్ పాలు తెచ్చుకున్నాం. పాల సంగతి పెద్దది కాదు. అతను మా గుమ్మం దాటేటప్పుడు బెల్లు కొట్టడం మానేశాడు. ఇక్కడ పాలవాళ్లు వాడుకగా పోసే ఇల్లు దాటుతూ బెల్లు కొడతారు, తీసుకున్నా తీసుకోకపోయినా. మేఘన కిటికీలోంచి చూస్తూ, "అమ్మా, మనం వాళ్లకి ఇప్పుడు ఎవరం?" అంది. తొమ్మిదో తరగతి పిల్ల, పెరిగిందంతా ఈ గల్లీలోనే. ఇంటి కాగితాలు మా చేతికి వచ్చిన వారంలోనే ఇల్లున్న చోట పరాయివాళ్లం అయ్యాం.

మీ మరిదికి తెలిసిన దారి ఒకటే. లెక్క. పాల ధరలో తేడా, ఎక్కువ పోసిన పాలు, అన్నీ కలిపి అంకె తేల్చి కవరులో పెట్టారు. సాయంత్రం పాలు పితికే వేళకు ఇద్దరం మల్లేశ్ గేదెల కొట్టానికి వెళ్లాం. ఇన్నేళ్లలో వెళ్లడం అదే మొదటిసారి. మా ఇంటి నుంచి కేకేస్తే వినపడేంత దూరం. వాళ్ల ఇల్లు కొట్టానికి ఆనుకునే ఉంటుందని కూడా నాకు తెలియదు.

మల్లేశ్ గేదె పక్కన కూర్చుని ఉన్నాడు. లేవలేదు. అతని భార్య సత్తెమ్మ గడ్డి వేస్తోంది, ఒకసారి చూసి మళ్లీ గడ్డి వేసింది.

"ఇది ఏంది సార్?" అన్నాడు కవరు చూసి.

"పాల తేడా. నువ్వు నష్టపోకూడదు."

"లోపట పెట్టుకోన్రి. బర్రె బెదురుతది."

"మల్లేశ్, బాకీ ఉంచుకోవడం మాకు అలవాటు లేదు" అన్నారు మీ మరిది.

అతను నవ్వాడు. "బాకీ అంటే మీకు పైసలే ఎర్క."

పాలు పితకడం ఆపి చేతులు కడుక్కుని వచ్చాడు. మీ మరిదితో కాదు, నాతో మాట్లాడాడు.

"అక్కా, పాలు పోసినం, పోసినం. గవి నేను అడుగుతలేను. మా బిడ్డ శైలజ లగ్గానికి మిమ్ముల పిలిస్తి. మీ గడప ముందు నిలవడి, నీకు బొట్టు పెట్టి, కార్డిచ్చినం. మీరు రాలే. సత్తెమ్మ అడిగింది, పేపరక్క రాలేదేంది అని. నేనేమన్న? ఊకో, చదివింపులకు చేతుల ఏం లేక రాలే, శరమున్న మనిషి అన్న. మా అవ్వ సచ్చిపోయింది. గల్లీ గల్లీ వచ్చింది. మీరు రాలే. అప్పుడు గూడ గదే చెప్పిన. దినాలకు రాలే. మళ్ల గదే చెప్పిన. మా ఇంట్ల మీ దిక్కు మాట్లాడింది నేను. ఇప్పుడు సత్తెమ్మకు ఏమని చెప్పాలె?"

సత్తెమ్మ గడ్డి వేయడం ఆపింది.

అంతకుముందు ఆపా చెప్పినదానికి నిర్ఘాంతపోయాననుకున్నాను. అది ఏపాటి! అతని తల్లి పోయిన రోజు నేను డ్యూటీలో ఉన్నాను. మర్నాడు సెలవు. ఇంట్లోనే ఉన్నాను. చావింటికి వెళ్లడానికి ఖర్చేముంది అక్కా? ఏమీ లేదు. పెళ్లిళ్లకూ పేరంటాలకూ వెళ్లడం మానేసి మానేసి, ఖర్చు లేని చోటికి వెళ్లడం కూడా మానేశాం. ఎప్పుడు అలా అయిందో నాకు తెలియదు. నిర్ణయించుకున్న రోజంటూ లేదు.

మీ మరిది చేతిలో కవరు అలాగే ఉంది. "తప్పయింది మల్లేశ్" అన్నాను. "మీకు కాయిదాలు వచ్చినయి గద, మంచిగుండున్రి" అన్నాడు. గేదె దగ్గరికి వెళ్లి కూర్చున్నాడు. మేం వచ్చేశాం. దారిలో మీ మరిది ఒకే మాట అన్నారు. "మన లెక్కలో ఇది రాలేదు."

దేవుడి పటం దగ్గరి కాగితాలు బీరువాలో పెట్టాం. మొన్న మంగళవారం నాకు వారపు సెలవు. మధ్యాహ్నం వాన వెలిశాక తలుపు చప్పుడైంది. చూస్తే సత్తెమ్మ.

"కట్టేశిన ఇల్లు చూద్దామని వచ్చిన" అంది. చెప్పులు బయట విడిచి లోపలికి వచ్చింది.

ముందు గది చూపించాను. కుర్చీలు, పాత చీరతో కుట్టిన కర్టెన్లు చూసింది. మేఘన గది చూపించాను. గోడ మీద చెమ్మ చూసింది, చెయ్యి పెట్టి చూసింది. వెనక్కి తిరిగి ఇంకేదైనా తలుపు ఉందేమోనని వెతికింది.

"గీ రెండర్రలేనా?"

"వంటిల్లు కూడా ఉంది" అన్నాను. అన్నాక నాకే ఎలాగో అనిపించింది.

వంటింట్లోకి కూడా తొంగి చూసింది. బయటికి వచ్చి నా ముఖం వైపు చూసింది.

"గీ రెండర్రల కోసమేనా, అక్కా?"

తిట్టినట్టు లేదు. కూరగాయల బండి దగ్గర ధర అడిగినట్టు అడిగింది. నేను వంటింటి గడప పట్టుకుని నిలబడ్డాను. ఎన్నో ప్రెస్‌మీట్లలో ఎదుటివాళ్లు ఇలా నిలబడిపోతే వెంటనే రెండో ప్రశ్న వేసేదాన్ని. సత్తెమ్మ రెండో ప్రశ్న వేయలేదు. కింద కూర్చుంది.

టీ పెట్టాను. ఒక గుక్క తాగి గ్లాసులోకి చూసింది.

"ఇవేం పాలు? సున్నం నీళ్లున్నట్టున్నయి."

"పాకెట్ పాలు. మల్లేశ్ రావడం లేదు."

"ఆయనకు కోపం. బర్రె మీద గూడ ఒర్రుతున్నడు. దానికి ఏం ఎర్క, మీ లోన్ సంగతి?"

నాకు నవ్వొచ్చింది. ఆమె నవ్వలేదు. టీ మొత్తం తాగి గ్లాసు పక్కన పెట్టింది.

"ఐతారం మా మనుమరాలి తొట్టెల. శైలజ బిడ్డ. పిల్లను తొట్టెలల ఏసి గల్లీకి అన్నం పెడుతున్నం. ఆయన మిమ్ముల పిల్వద్దన్నడు."

"పరవాలేదు సత్తెమ్మా" అన్నాను.

"నేను చెప్పేది ఇను. ఆయన పిల్వద్దన్నడు, నేను పిలుస్తున్న. ఇంట్ల ఆడిదాన్ని, నాకు లేదా పిలిచే హక్కు? ముగ్గురు రాన్రి. ఒక్క ముచ్చట. ఏం పట్టుకొని రావద్దు. చీర వద్దు, పైసలు వద్దు, పిల్లకు గౌను గూడ వద్దు. ఉత్త చేతుల్తోటి రావాలె."

"ఒట్టి చేతులతో ఎలా వస్తాం?"

"ఎందుకు రారు? మీ దగ్గర ఏం లేదనుకొని, ఉత్త చేతుల్తోటి వస్తె గూడ బంతిల కూసోవెట్టి పెడుదుమనుకున్నం మేము. అప్పుడు మీరు రాలే. ఇప్పుడు గట్లనే రాన్రి. గల్లీ అంత చూడాలె. ఏమన్న తెచ్చిన్రా, వాకిట్లకెళ్లే వాపస్ పంపుత."

కుంకుమ భరిణె తెచ్చుకోలేదని మా దేవుడి దగ్గరిదే తీసుకుని నాకు బొట్టు పెట్టింది. చెప్పులేసుకుని వెళ్లిపోయింది.

ఇదీ సంగతి. రవి కోసం మొదట రాసిన కాగితం కూడా ఇందులో పెడుతున్నాను. రైలు పాసు, లైట్లు, గాజులు, ఏ నెలలో అదనంగా కడితే లాభం, అన్నీ అందులో ఉన్నాయి, పనికొస్తాయి. లోను త్వరగా తీర్చడం తప్పని నేను చెప్పను. కానీ అందులో శుభకార్యాలకు వెళ్లడం మానుకోమని రాసిన వాక్యం కొట్టేశాను. వాడికి చూపించేటట్టయితే ఈ ఉత్తరం కూడా కలిపి చూపించు, అది ఒక్కటే ఇవ్వకు.

నాకు ఒక సీసా గోంగూర పచ్చడి పంపు. జరీనా ఆపాకు ఇష్టం. ఇది అడిగి తీసుకుంటున్నది కాబట్టి మొహమాటం లేదు. బియ్యం సంగతి తేలేదాకా బస్తా పంపకు.

ఆదివారం వెళ్తున్నాం. మీ మరిది నిన్న సాయంత్రం లాడ్ బజార్ దాకా వెళ్లి వెండి కొట్టు ముందు నిలబడి, ఏమీ కొనకుండా తిరిగి వచ్చారు. ఆయన కొనకుండా రావడం మామూలే, కానీ ఈసారి కొనలేక బాధపడుతూ వచ్చారు. మేఘన, "నేనొక్కదాన్ని ఒక బొమ్మ పట్టుకెళ్లనా, చిన్నది?" అని అడుగుతోంది. వద్దన్నాను. మల్లేశ్ వాకిట్లోనే నిలబడి ఉంటాడు, వచ్చేవాళ్లను లోపలికి పిలవాల్సింది అతనే. మమ్మల్ని చూసి పక్కకు తిరుగుతాడో, రమ్మంటాడో తెలియదు. సత్తెమ్మకూ తెలియదనుకుంటాను. గల్లీ అంతా ఉంటుంది. ఇన్నేళ్లూ ఎవరింటికైనా వెళ్లాలంటే చేతిలో ఏం పెట్టుకుని వెళ్లాలా అని ఆలోచించి ఆగిపోయాను. ఆదివారం ఆ వాకిట్లోకి అడుగుపెట్టేటప్పుడు ఈ రెండు చేతులూ ఎక్కడ పెట్టుకోవాలో తెలియడం లేదు అక్కా.

బావగారిని నిజంగా నడవమను. రవికీ కోడలికీ మా ఆశీస్సులు. మాకు నీ దీవెన కావాలి, ముఖ్యంగా ఆదివారానికి. ఇక్కడి నుంచే మీ ఇద్దరి కాళ్లకూ దణ్ణం పెడుతూ,

నీ చెల్లెలు
ఉమ